ఉబ్బసం – దాచుకోవలసిన జబ్బు కాదు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఈ విషయం మీద మాట్లాడమని అడిగినప్పుడు "మేము డాక్టర్లం కాము గదా, మాకెందుకండీ" అన్నాము. దానికి వారు "డాక్టరు చెబితే మనవాళ్ళు తల ఊపి ఇంటికి పోతారు మాస్టారూ. మీ ఇంట్లో జరిగింది మీరు చెప్పండి, వింటారు" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకుంటున్న మాకు తెలుగు సభలో మాట్లాడాలంటే కొంచెం జంకు. మాట తప్పితే మన్నించండి. ఇంకొక మనవి. ఇప్పుడు చెప్పబోయేది పదిహేనేళ్ళుగా డాక్టర్ల దగ్గర కూర్చొని మేము అడిగి తెలుసుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది మాత్రం మీ డాక్టరుగారే చెప్పాలి.

మా సొంతవూరు ఆదోని. పత్తి వూరు. మా అబ్బా అక్కడ జిన్నింగు మిల్లులో పనిచేసేవారు. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమ్మల మీద కూడా తెల్లటి నూగు ఉండేది. మేము చిన్నప్పుడు దానిని చూసి నవ్వేవాళ్ళం. పండుగకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఆయన ఛాతీ తేలికపడేది. మళ్ళీ మిల్లుకు పోయిన మొదటి రోజు మాత్రం మంచం అంచున కూర్చొని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, "గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది రా" అనేవారు. పత్తి దుమ్ములో పనిచేసేవాళ్ళకు ఇట్లా వచ్చే జబ్బుకు బిస్సినోసిస్ అని పేరు ఉందనీ, సెలవు తరువాత మొదటి రోజున బిగింపు ఎక్కువ కావడం దాని గుర్తు అనీ మాకు చాలా కాలం తరువాత తెలిసింది. దుమ్ముకు తోడు బీడీలు. రోజుకు ఒక కట్ట. యాభై దాటేసరికి మసీదు మెట్లు ఎక్కలేక వీధిలోనే ఆగిపోయేవారు. 2014లో కన్నుమూశారు. అల్లాహ్ ఆయనకు జన్నత్ ప్రసాదించుగాక.

అయితే ఈ రోజు మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది అబ్బా సంగతి కాదు. మా చెల్లెలి సంగతి. ఆమె ఇప్పుడు పరదా అవతలే కూర్చొని వింటున్నది. చెప్పవచ్చునా అని అడిగితే "చెప్పు భాయ్, ఒక్క పిల్లయినా దాచకుండా ఉంటుంది" అన్నది. అందుకే ధైర్యం చేస్తున్నాము.

చెల్లెలికి పదేళ్ళప్పటి నుంచి దమా ఉంది. చలికాలంలో తెల్లవారుజామున పిల్లికూతలు, దగ్గు. 2008లో ఒక డాక్టరుగారు రెండు పంపులు రాసి ఇచ్చారు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు పీల్చుకోవలసినది. రెండవది ఆయాసం ఉన్నా లేకపోయినా పొద్దున, రాత్రి పీల్చుకోవలసినది. ఆరు నెలలు వాడింది. ఆ ఆరు నెలలూ మా ఇంట్లో రాత్రిపూట దగ్గు వినపడలేదు. మరుసటి సంవత్సరం నిఖా కుదిరింది. అప్పుడు మొదలైంది మా తెలివి. ఇంట్లో ఆడవాళ్ళు అన్నారు, "పంపు చూస్తే అత్తవారు ఏమనుకుంటారు?" బంధువులు అన్నారు, "పంపు ఒకసారి పట్టుకుంటే జన్మంతా వదలదు, ఆదత్ అయిపోతుంది." ఇంట్లో చదువుకున్నవాళ్ళం మేమే గదా, అందరూ మా ముఖం చూశారు. మేమేమన్నామంటే, "ఇప్పుడు ఆయాసం లేదు గదా, ఆ రెండో పంపు మానెయ్. మొదటిది అవసరానికి దాచి పెట్టుకో." ఈ మాట ఏ నాటు వైద్యుడో అన్నది కాదు, బీ.ఎడ్. చదివిన మేము అన్నది.

పిల్ల అట్లాగే చేసింది. అత్తవారింట్లో ఆ పంపును బియ్యం డబ్బాలో దాచుకున్నది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి పోయి పీల్చుకొని వచ్చేది. మొదట వారానికి ఒకసారి, తరువాత రోజుకు ఒకసారి, తరువాత నాలుగైదుసార్లు. 2011 డిసెంబరులో ఒక రాత్రి బియ్యం డబ్బా వరకు కూడా నడవలేకపోయింది. పిలుద్దామంటే గొంతు రాలేదు. అత్తగారు నీళ్ళ కోసం లేచి చూసేసరికి పెదవులు నల్లబడి గోడకు ఆనుకొని ఉంది. 108 వచ్చింది, ఆదోనిలో మొదటి చికిత్స చేసి కర్నూలుకు పంపించారు. రెండు రోజులు గొంతులో గొట్టంతో ఉంది. అల్లాహ్ దయవల్ల బతికింది. డాక్టరుగారు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు, "రోజూ వాడవలసిన మందు ఎవరు మాన్పించారు?" ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేదు. ఇవాళ ఇంతమంది ముందర చెబుతున్నాము.

ఇంతకీ ఆ రెండు పంపులకూ తేడా ఏమిటి? మన ఊళ్ళో పాతబజారు సందు అందరికీ తెలుసు. సందు అంతే వెడల్పు ఉన్నా, రెండు పక్కలా దుకాణాలవాళ్ళు బల్లలు ముందుకు జరుపుతారు, కింద బురద, పైన తోపుడుబండ్లు. మనిషి దూరడమే కష్టం. ఊపిరితిత్తులలోని గాలిగొట్టాలు ఉబ్బసంలో ఇట్లాగే అవుతాయి. గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి గోడ వాచి మందమవుతుంది. దానిమీద జిగట కఫం చేరుతుంది. ఈ మూడింటికీ మూలం లోపలి వాపు. దుమ్ము, పొగ, చలిగాలి, పడిశం, పూల పుప్పొడి, పిల్లిబొచ్చు, ఏదో ఒకటి తగలగానే ఆ వాచిన గొట్టం ఇంకా ముడుచుకుంటుంది.

సాల్బుటమాల్ అనే మందు, మనవాళ్ళు చాలామంది అస్థాలిన్ పేరుతో ఎరిగినది, బిగుసుకున్న కండరాన్ని అయిదారు నిమిషాలలో వదులు చేస్తుంది. నాలుగైదు గంటలు పనిచేస్తుంది. పోలీసు వచ్చి ఈల వేస్తే తోపుడుబండ్లు జరిగినట్లు. పోలీసు పోగానే మళ్ళీ మామూలే. రెండవది బుడెసోనైడ్, బెక్లోమెథాసోన్ వంటి మందు. ఇది గోడ వాపును తగ్గిస్తుంది. పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. అందుకే మనవాళ్ళకు దానిమీద నమ్మకం కుదరదు. రోజూ వాడుతూ పోతే కొన్ని వారాలకు గొట్టం శాంతిస్తుంది. "బాగయింది గదా, ఇక మందెందుకు" అనుకుంటాం. బాగున్నది మందు వేసుకుంటున్నందువల్ల అని మాత్రం తోచదు. చక్కెర జబ్బువాళ్ళకూ, బీపీ ఉన్నవాళ్ళకూ ఈ మాట వెంటనే అర్థమవుతుంది. దమా దగ్గరికి వచ్చేసరికి ఎందుకో అర్థం కాదు.

మొదటి పంపు ఒక్కదానితోనే సంవత్సరాలు నెట్టుకురావడం ప్రమాదమని ఇప్పుడు లోకమంతా ఒప్పుకుంటున్నది. ఉబ్బసం మీద ప్రపంచ దేశాల నిపుణులు కలిసి ఇచ్చే సూచనలలో 2019 నుంచి పెద్దవాళ్ళకూ, ఎదిగిన పిల్లలకూ సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి వదిలెయ్యవద్దని స్పష్టంగా రాశారు. కొందరికి ఇప్పుడు వాపు తగ్గించే మందూ, గొట్టం విప్పే ఫార్మోటెరాల్ మందూ ఒకే పంపులో కలిపి ఇస్తున్నారు. మీరు ఇంట్లో కూర్చొని వేసుకోగలిగిన లెక్క ఒకటి ఉంది. ఒక సాల్బుటమాల్ డబ్బాలో మామూలుగా 200 పీల్పులు ఉంటాయి. సంవత్సరానికి అట్లాంటి డబ్బాలు మూడూ, అంతకు మించీ ఖర్చవుతున్నాయంటే పెద్ద ఆయాసం వచ్చే అవకాశం పెరిగిందని అర్థం. నెలకు ఒకటి, అంటే ఏటికి పన్నెండు అయితే ప్రాణానికే ముప్పు. మా చెల్లెలు చివరి నెలల్లో నెలకు ఒకటి దాటి వాడింది. మందుల షాపులో కొనేది మా తమ్ముడే. వాడూ లెక్క చూడలేదు, మేమూ చూడలేదు.

2019 సంవత్సరానికి ప్రపంచ జబ్బుల లెక్కలు వేసినవారు చెప్పినదాని ప్రకారం, ప్రపంచంలో ఉబ్బసం ఉన్నవాళ్ళలో మన దేశంవాళ్ళు సుమారు 13 శాతం. ఉబ్బసంతో చనిపోయినవాళ్ళలో మాత్రం మనవాళ్ళు 40 శాతం పైనే. జబ్బు మనదగ్గర ఎక్కువ కాదు, చావు ఎక్కువ. పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు ఈ రెండు అంకెలు బోర్డు మీద పక్కపక్కన రాస్తాము. ఎందుకు ఇట్లా అని అడిగితే ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు "మందు వేసుకోరేమో సార్" అన్నాడు. పెద్ద జవాబులో సగం వాడు చెప్పేశాడు.

ఇక ఆదత్ సంగతి. పంపులో ఉన్నది మత్తు కాదు. స్టిరాయిడ్ అనే పేరు విని భయపడతారు. ఇక్కడ కొంచెం లెక్క చెబుతాము, వినండి. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. పంపు ఒక పీల్పు 100 మైక్రోగ్రాములు. ఒక మాత్ర మింగితే నలభై పీల్పుల మందు కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, వొళ్ళంతా తిరిగి, అప్పుడు ఊపిరితిత్తులకు చేరుతుంది. చేతులు వణకడం, గుండె దడ అందుకే. పంపు మందు నేరుగా గొట్టంలోకే పోతుంది. స్టిరాయిడ్ కూడా అంతే. మింగే మాత్రలు మిల్లీగ్రాములలో, పీల్చే మందు మైక్రోగ్రాములలో. విచిత్రం ఏమంటే పంపుకు భయపడే మనిషే ఊరూ పేరూ లేని పొట్లాల పొడి నెలలకొద్దీ మింగుతాడు. అట్లాంటి కొన్ని పొట్లాలలో మింగే స్టిరాయిడ్‌నే కలిపి ఇస్తారు. ఆయాసం మాయమవుతుంది, ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ పొడి పొగడ్తలు పెళ్ళిళ్ళలో విందు దగ్గర వింటుంటాము.

పంపు పుట్టిన కథ కూడా చెప్పాలి, పిల్లలకు నచ్చుతుంది. 1955 ప్రాంతంలో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధికారి కూతురికి ఉబ్బసం. పదమూడేళ్ళ పిల్ల. అప్పట్లో గాజు బుడ్డిని పిండి మందు పీల్చుకోవాలి, చికాకు. జుట్టుకు కొట్టుకునే స్ప్రే లాగా నా మందు ఎందుకు రాకూడదు అని తండ్రిని అడిగింది. 1956లో పంపు బజారులోకి వచ్చింది. మనం సిగ్గుపడి దాచుకునేది ఒక ఆడపిల్ల అడిగితే తయారైన వస్తువు.

ఉన్న పంపును సరిగా వాడేవాళ్ళు ఎంతమంది? మా వీధిలో ఒక పెద్దాయన, మేము మామూ అని పిలుస్తాము, పొడి మందు గొట్టాలు రెండు నెలలు నీళ్ళతో మింగారు. దానిని చిన్న యంత్రంలో వేసి తిప్పి, పొడిని పీల్చాలని ఆయనకు ఎవరూ చేసి చూపించలేదు. "కడుపులో చల్లగా ఉంది గానీ ఆయాసం తగ్గలేదు బేటా" అన్నారు. నవ్వకండి. మనలో చాలామంది పంపు ఒక వైపు, ఊపిరి ఒక వైపు. నోట్లో కొట్టుకుంటారు, మందు నాలుక మీదే పడుతుంది.

పంపు అయితే ముందు బాగా కుదపాలి. కూర్చొని గానీ నిలబడి గానీ, లోపలి ఊపిరి మెల్లగా బయటికి వదలాలి. పంపు మూతిని పెదవులతో గట్టిగా పట్టుకొని, ఊపిరి లోపలికి పీల్చడం మొదలుపెట్టిన క్షణంలోనే డబ్బా నొక్కాలి. నొక్కాక కూడా మెల్లగా, దీర్ఘంగా పీలుస్తూనే ఉండాలి. తరువాత నోరు మూసి పది లెక్కపెట్టాలి. రెండో పీల్పుకు అరనిమిషమో నిమిషమో ఆగాలి. పొడి యంత్రం అయితే పద్ధతి తిరగబడుతుంది. మెల్లగా కాదు, బలంగా, వేగంగా పీల్చాలి. దానిలోకి పొరపాటున కూడా ఊదగూడదు, పొడి తడిసి ముద్దవుతుంది. వాపు తగ్గించే మందు పీల్చిన ప్రతిసారీ నోట్లో నీళ్ళు పోసుకొని పుక్కిలించి ఉమ్మాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, గొంతు బొంగురు. ఫజర్‌కు, ఇషాకు వుజూ చేసేటప్పుడు ఎట్లాగూ పుక్కిలిస్తాము. వుజూకు ముందు పంపు పీలిస్తే మరచిపోవడం ఉండదు. ఈ ఉపాయం మా చెల్లెలిదే.

ఊపిరీ, నొక్కుడూ కుదరని చిన్నపిల్లలకూ, వణికే చేతుల ముసలివాళ్ళకూ స్పేసర్ అనే గొట్టం ఉంది. డబ్బు లేనివాళ్ళు దిగులుపడవద్దు. అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేటంత రంధ్రం చేసి, అక్కడ పంపు పెట్టి, సీసా మూతి వైపు నుంచి పిల్లవాడితో పీల్పిస్తే పనిచేస్తుంది. దక్షిణాఫ్రికాలో డాక్టర్లు పిల్లల మీద పరీక్షించి, కొన్న స్పేసర్‌కు ఇది ఏమీ తీసిపోదని 1999లో ప్రకటించారు. సబ్బు నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరబెట్టాలి. ఒక్కసారి నొక్కి అయిదారు మామూలు ఊపిరులు తీసుకుంటే చాలు. కూల్‌డ్రింకు సీసాలు మన ఇళ్ళల్లో కరువా!

రంజాన్ గురించి ప్రతి ఏడూ మమ్మల్ని అడుగుతారు. ఉపవాసంలో పంపు వాడితే రోజా విరుగుతుందా? ఈ విషయంలో ఆలిములలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మన దేశంలోని హనఫీ ముఫ్తీలు సాధారణంగా విరుగుతుందని చెబుతారు. అరబ్బు దేశాల ఆలిములలో చాలామంది విరగదని చెబుతారు. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు, మీ ఇమాంగారిని అడగండి. మేము చెప్పగలిగేది ఒక్కటి. రోజుకు రెండుసార్లు పీల్చే మందును సహరీ ముగియకముందు ఒకసారి, ఇఫ్తార్ తరువాత ఒకసారి పీల్చవచ్చు, అక్కడ తగవే లేదు. రంజాన్‌కు ఒక నెల ముందే డాక్టరుకు చూపించుకుంటే మందు ఆ వేళలకు సరిపెడతారు. పగలు ఆయాసం వస్తే మాత్రం పంపు పీల్చండి. రోజా విరిగితే తరువాత కజా చేసుకోవచ్చు. రోగికి ఇతర దినాలలో లెక్క పూర్తిచేసుకునే సౌకర్యాన్ని బఖరా సూరాలోనే అల్లాహ్ ఇచ్చాడు. ఇచ్చిన సౌకర్యాన్ని కాదని ప్రాణం మీదికి తెచ్చుకోవడంలో పుణ్యం ఏమిటో మాకు అర్థం కాలేదు. హజ్‌కూ ఉమ్రాకూ పోయేవాళ్ళు పంపులను పెద్ద పెట్టెలో వేసి పంపించెయ్యక చేతిసంచిలోనే పెట్టుకోండి.

మృగశిర కార్తెకు హైదరాబాదులో ఇచ్చే చేప మందు కోసం మనవాళ్ళు కూడా బస్సులెక్కి పోతారు. కొర్రమీను పిల్లను మింగి వచ్చినవాళ్ళతో మాకు వాదం లేదు. పోవాలనుకుంటే పోయి రండి. కానీ ఆ వరుసలో నిలబడేటప్పుడు కూడా జేబులో పంపు ఉండాలి, వచ్చిన తరువాత రోజువారీ మందు మానకూడదు. చేప మందు ఉబ్బసాన్ని మాన్పుతుందని ఇంతవరకు ఏ పరీక్షా రుజువు చేయలేదు. మందు మానితే వాపు తిరిగి వస్తుందన్నది మాత్రం మా ఇంట్లోనే రుజువయింది.

అబ్బాకు ఉన్నది వేరే జబ్బు. సీ.ఓ.పీ.డీ. అంటారు. ఉబ్బసం వస్తుంది, పోతుంది, మధ్యలో మనిషి మామూలుగా ఉంటాడు. ఇది మామూలుగా నలభై దాటాక మొదలై, ఏటేటా కొంచెం కొంచెం మింగేస్తుంది. 2016 లెక్కల ప్రకారం మన దేశంలో గుండెజబ్బు తరువాత ఎక్కువమందిని తీసుకుపోయింది ఇదే. బీడీ, సిగరెట్టు పెద్ద కారణం, ఒక్కటే కారణం కాదు. మా దాదీ జన్మలో బీడీ ముట్టలేదు. ఆమెకూ ఇదే. పత్తికట్టె, పిడకల పొయ్యి ముందర, కిటికీ లేని వంటింట్లో యాభై సంవత్సరాలు కూర్చున్నది. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ ఆమె ఊపిరి అయిపోయింది. 1999లో దీపం పథకంతో మన రాష్ట్రంలో పేద ఇళ్ళకు గ్యాసు వచ్చింది, 2016 నుంచి ఉజ్జ్వల వచ్చింది. అయినా సిలిండరు ఖరీదుకు భయపడి టీకి గ్యాసు, అన్నానికి కట్టెలు వాడే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కట్టెలు తప్పకపోతే పొయ్యిని బయట పందిరి కిందికి మార్చండి, పిల్లలను ఆ పొగలో కూర్చోబెట్టకండి. గురువారం లోబాన్, రాత్రి దోమల చుట్ట, అగరుబత్తి, ఇవి కూడా పొగే. పెద్దలు కోప్పడవద్దు, దమా మనిషి ఉన్న గదిలో వద్దంటున్నామే గానీ మొత్తం మానమనడం లేదు.

బీడీ తాగే అన్నలకు ఒక మాట. "ఇంత వయసొచ్చాక మానితే ఏమొస్తుంది" అంటారు. అబ్బా కూడా అన్నారు. 1977లో ఇంగ్లండులో ఫ్లెచర్, పీటో అనే ఇద్దరు ఏళ్ళ తరబడి మనుషుల ఊపిరి కొలిచి చెప్పినదేమంటే, పోయిన ఊపిరి తిరిగి రాదు గానీ, మానిన నాటి నుంచి అది తరిగే వేగం మామూలు మనిషి వేగానికి దగ్గరవుతుంది. యాభైలో మానినా లాభమే. అబ్బా మానింది అరవైకి. అప్పటికి వజీఫా చదువుతూ రెండు మాటలకు ఒకసారి ఆగవలసి వచ్చేది. చివరి రోజుల్లో ఆయనకు మేము నేర్పింది ఒకటే, ముక్కుతో పీల్చి, వేడి చాయ్ ఊదినట్లు పెదవులు సున్నాలా పెట్టి, పీల్చినదానికి రెండింతల సేపు మెల్లగా వదలడం. మసీదు మెట్ల దగ్గర అది ఆయనకు పనికివచ్చింది. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెబితే న్యుమోనియా టీకా, రోజూ కొంచెం నడక, ఇవి కూడా ఇట్లాంటివాళ్ళకు మందుతో సమానం. ఇంకొక మాట. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా దమా అని మీరే పేరు పెట్టుకోకండి, కఫం పరీక్ష చేయించండి. టీబీ కావచ్చు. ఉబ్బసం అంటువ్యాధి కాదు, టీబీ అంటుతుంది. ఈ రెండింటినీ కలిపి చూసి దమా మనిషి కంచం, గ్లాసు వేరే పెట్టే ఇళ్ళు మేము చూశాము.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా ఇంటివాళ్ళు. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, పక్కటెముకల మధ్య, గొంతు కింద గుంటలు పడుతున్నా, పెదవులు నీలంగా మారినా, పంపు పీల్చిన గంటకే మళ్ళీ ఆయాసం వస్తున్నా అది ప్రమాదం. పిల్లికూతలు ఆగిపోయాయని సంతోషపడకండి. ఆయాసం తగ్గకుండా కూతలు ఆగితే గాలే ఆడడం లేదని అర్థం. మనిషిని పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. చుట్టూ మూగకండి. ఆయాసానికి రాసిన పంపుతో, స్పేసర్ ఉంటే దానితో, ఒక్కొక్కటిగా నాలుగు పీల్పులు ఇవ్వండి. 108కి ఫోను చెయ్యండి. తగ్గకపోతే బండి వచ్చేలోగా మళ్ళీ ఇవ్వండి. తెల్లవారనీ చూద్దాం అనుకోకండి. ఈ జబ్బు అర్ధరాత్రి దాటాకే ఎక్కువగా ముదురుతుంది.

మేము బడిలో చేసిన తప్పు కూడా ఒకటి చెప్పి ముగిస్తాము. ఒక పిల్లవాడు పంపు తెస్తే, మిగతా పిల్లలు ఆడుకుంటారని తీసి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాము. తాళంచెవి ఉన్న ప్యూను భోజనానికి పోయిన వేళ వాడికి ఆయాసం వచ్చింది. పది నిమిషాలు. ఏమీ కాలేదు గానీ ఆ పది నిమిషాలలో మాకు కర్నూలు ఆసుపత్రి కళ్ళముందు కనపడింది. చెల్లెలి పంపు బియ్యం డబ్బాలో దాచాము, ఈ పిల్లవాడి పంపు బీరువాలో. అప్పటి నుంచి మా తరగతిలో దమా ఉన్న పిల్లల పంపు వాళ్ళ జేబులోనే ఉంటుంది. ఆటలు మాన్పించడం లేదు. పరుగుకు ముందు ఏం పీల్చాలో డాక్టరును అడిగి రమ్మని తల్లిదండ్రులకు చీటీ పంపుతాము.

చెల్లెలి అత్తగారు ఆ రాత్రి తరువాత అన్న మాట మేము మరచిపోలేదు. "నాకు ముందే చెప్పి ఉంటే నేనే లేపి పీల్పించేదాన్ని గదా బిడ్డా. ఇది దాచుకునే ఐబు అనుకున్నారా?" మేము ఎవరికి భయపడి దాచామో ఆ మనిషే ఇట్లా అన్నది. ఇప్పుడు పంపులు రెండూ వాళ్ళ ఇంట్లో అద్దం ముందర, సుర్మా సీసా పక్కన ఉంటాయి. చెల్లెలు రోజూ వాడుతున్నది. పన్నెండేళ్ళ ఆమె కూతురికీ చలికాలంలో కూతలు వస్తాయి. ఆ పిల్ల పంపు మీద పువ్వుల కాగితం అంటించుకున్నది.

అసర్ నమాజు తరువాత ఈ హాలు పక్కగదిలో ఒక బల్ల వేయించాము. ఖాళీ పంపులు, పొడి యంత్రం, రంధ్రం చేసిన అర లీటరు సీసాలు ఆరు ఉన్నాయి. చెల్లెలు ఆడవాళ్ళ వైపూ, మేము మగవాళ్ళ వైపూ కూర్చుంటాము. ఇంట్లో పంపు ఉన్నవాళ్ళు తెచ్చి, ఎట్లా పీలుస్తున్నారో మా ముందు ఒకసారి చేసి చూపండి. మామూ కూడా వస్తానన్నారు, గొట్టాలు మింగకుండా.